నరం పట్టిందంటే ఏ నరం?

మన రాయలసీమలో కాలు సరిగా మడవకపోతే మొదట వినిపించే మాట ‘నరం పట్టింది’. పిక్కలో బిగుతుగా ఉన్నా నరమే. గుదికాలు వెనక తాడులా చేతికి తగిలేదీ నరమే. నడుములో మొదలై కాలి దాకా తిమ్మిరెక్కించేదీ నరమే, కాలి మీద నీలంగా ఉబ్బి కనిపించేదీ నరమే. మాటగా అందరికీ అర్థమవుతుంది కాబట్టి తప్పు పట్టనక్కర్లేదు. వైద్యం దగ్గరికి వచ్చేసరికే చిక్కు. మొదటిది కండరం, రెండోది కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు, మూడోది అసలైన నాడి, నాలుగోది రక్తం మోసే సిర. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనిచేయదు. కొన్నిసార్లు ప్రాణం మీదికి కూడా తెస్తుంది. పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టిన మనిషికి ‘నరం పట్టింది’ అని నూనె పోసి తోమితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. స్నాయువు కురచబడిన మనిషికి నరాల బలానికని పది సూదులు పొడిచినా అది గోరంత కూడా సాగదు.

ఇక్కడ నేను వాదించేది ఒకటే. చీలమండ బిగుసుకుంటే మందు అడిగే ముందు అడ్డుపడుతున్నది ఏదో తేల్చుకోవాలి. ‘వాతం’, ‘యూరిక్ యాసిడ్’, ‘వయసు’ అని మూడు మాటలు మన దగ్గర సిద్ధంగా ఉంటాయి. ఏదో ఒకటి అంటించేస్తే ఇంకేమీ వెతకక్కర్లేదన్న ధీమా వస్తుంది, అదే వాటితో వచ్చిన తంటా. నిజానికి సగం వెతుకులాట ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక మంచం, ఒక గోడ, పిల్లల స్కూలు స్కేలు ఉంటే చాలు.

కదలదా, కదపలేరా?

మంచం మీద కాళ్లు చాపి, చీలమండలు అంచు దాటి బయటికి వచ్చేలా కూర్చోండి. ముందు ఎవరి సాయమూ లేకుండా పాదాన్ని ముఖం వైపు లాగండి. తర్వాత ఇంట్లో ఇంకొకరిని పిలవండి. వాళ్లు ఒక చేత్తో మడమ పట్టుకుని, రెండో చేత్తో అరికాలి ముందు భాగాన్ని మెల్లగా అదే వైపు నెట్టాలి. రెండో కాలికీ ఇలాగే చేసి పోల్చుకోండి.

మీరు లాగితే రాని పాదం వాళ్లు నెట్టగానే హాయిగా వచ్చిందంటే కీలు బాగున్నట్టే. చెడింది దాన్ని లాగే కండరమో, ఆ కండరానికి కబురు తెచ్చే నాడో. ఎవరు నెట్టినా రాకపోతే అడ్డు కీలులో ఉంది, లేదా వెనకున్న పిక్కలో, స్నాయువులో ఉంది. ఆసుపత్రికి వచ్చిన ఇద్దరూ ‘కాలు కదలడం లేదు సార్’ అనే చెబుతారు. కానీ మొదటి మనిషి నాడి సంగతి చూపించుకోవాలి, రెండో మనిషి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా రాసిన ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు చాలావరకు గాలిలో విసిరిన రాళ్లే.

అంకెలు కొంచెం తెలిస్తే మంచిది. పాదం పిక్క ఎముకకు లంబంగా ఉన్న స్థితి నుంచి ఆరోగ్యమైన చీలమండ పైకి సుమారు 20 డిగ్రీలు, కిందికి సుమారు 50 డిగ్రీలు కదులుతుంది. చదును నేల మీద నడవడానికి పైకి 10 డిగ్రీలు వస్తే సరిపోతుంది. మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవాలంటే మాత్రం, ఒంటి బరువు మీద పడుతుంది కాబట్టి, 30 డిగ్రీలకు పైనే వంగాలి. అందుకే మన ఊళ్లలో ఈ బిగుతు మొదట బయటపడేది నడకలో కాదు. కలుపు తీసే చేలో, నేల మీది మరుగుదొడ్డిలో బయటపడుతుంది. కమోడ్ వాడే ఇళ్లలో ఇదే సంగతి ఏళ్ల తరబడి తెలియకుండా ఉండిపోతుంది. గొంతుక్కూర్చోలేకపోతున్నారంటే అందరూ మోకాలిని అనుమానిస్తారు. కూర్చునేటప్పుడు మడమలు పైకి లేస్తున్నాయా, వెనక్కి పడిపోబోతున్నారా అని చూడండి. అలాగైతే మోకాలిది తప్పు కాకపోవచ్చు.

గోడ పరీక్ష ఇంకా కచ్చితమైంది. చెప్పుల్లేకుండా గోడకు ఎదురుగా నిలబడి, బొటనవేలు గోడకు కొన్ని సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మడమ నేల వదలకుండా మోకాలిని ముందుకు వంచి గోడను తాకాలి. తాకితే పాదాన్ని ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి మళ్లీ చేయండి. మడమ లేవకుండా మోకాలు గోడను తాకగలిగిన చివరి దూరం ఎంతో స్కేలుతో కొలవండి. సుమారు 10 సెంటీమీటర్లు వస్తే మామూలే. అంకె కన్నా ముఖ్యమైంది రెండు కాళ్ల మధ్య తేడా. రెండు సెంటీమీటర్లు దాటితే పట్టించుకోవాలి. ఇక్కడ జనం చేసే తప్పు ఒకటుంది. మోకాలిని పాదం రెండో వేలి దిశలో పోనివ్వకుండా లోపలికి వాల్చేస్తారు. అప్పుడు అరికాలి వంపు కుంగి, చీలమండ కదలకపోయినా కదిలినట్టు అంకె దొంగగా పెరుగుతుంది.

చివర్లో ఆగిపోయినప్పుడు బిగుతు ఎక్కడ తెలిసిందో కూడా రాసిపెట్టుకోండి. వెనక పిక్కలో లాగినట్టుంటే ఒక దారి, ముందు వైపు కీలులో ఏదో ఇరుక్కున్నట్టుంటే వేరే దారి. డాక్టరు అడిగినా అడగకపోయినా ఈ ఒక్క మాట మీరే చెప్పండి.

వెనక లాగుతుంటే

పిక్కలో రెండు ప్రధాన కండరాలున్నాయి. పైది మోకాలు దాటి తొడ ఎముక చివర అంటుకుంటుంది, లోపలిది మోకాలి కిందే మొదలవుతుంది. కిందికి వచ్చేసరికి రెండూ కలిసి మడమ ఎముకను పట్టుకునే తాడవుతాయి. ఈ ఏర్పాటు వల్ల ఒక తేలికైన పరీక్ష వీలవుతుంది. మోకాలు చాచి ఉంచి పాదాన్ని పైకి నెట్టండి, తర్వాత మోకాలు వంచి అదే చేయండి. మోకాలు వంచగానే పాదం తేలిగ్గా వచ్చిందంటే బిగిసింది పై కండరం ఒక్కటే. వంచినా రాకపోతే లోపలి కండరమో, తాడో, కీలో అయ్యుండాలి.

పై కండరం బిగుతే అయితే కథ సులువు. గోడకు చేతులానించి, బిగుతు కాలు వెనక పెట్టి, మోకాలు చాచి, మడమ నేలకు అదిమి 30 సెకన్లు ఉండాలి. అలా నాలుగైదు సార్లు, పూటకొకసారి చొప్పున రోజుకు రెండుసార్లు. లోపలి కండరానికి ఇదే భంగిమలో వెనక మోకాలు కొద్దిగా వంచాలి. వెనక పాదం వేళ్లు పక్కకు తిరగకూడదు. తిరిగితే సాగేది పిక్క కాదు, పాదం మధ్య కీళ్లు. ఆరేడు వారాలకు ముందు ఫలితం అడగవద్దు. నాలుగు రోజులు చేసి మానేసినవాళ్లే ‘వ్యాయామం పనిచేయలేదు’ అనేవాళ్లలో ఎక్కువ.

పొద్దున మంచం దిగగానే మొదటి నాలుగైదు అడుగులు అరికాలిలో మేకు దిగినట్టుండి, తర్వాత సర్దుకుంటే అది అరికాలి పొర మడమకు అంటుకునే చోట వాపు. దాని వెనక కూడా చాలాసార్లు బిగిసిన పిక్కే ఉంటుంది. ఎక్స్‌రేలో మడమ కింద చిన్న ఎముక ముల్లు కనబడగానే కొందరు బెంబేలెత్తిపోతారు. నొప్పి లేని వాళ్లకూ అది ఉంటుంది, దాన్ని తీయించుకునే పని సాధారణంగా పడదు.

మడమ తాడు తెగడం వేరే సంగతి. పరుగెత్తుతుండగానో, గట్టు దూకినప్పుడో ‘వెనక నుంచి ఎవరో తన్నినట్టు’ అనిపించి, వెనక్కి చూస్తే ఎవరూ ఉండరు. ఆ తర్వాత కుంటుతూ నడవగలుగుతారు కాబట్టి బెణికిందని కట్టు కట్టి వదిలేస్తారు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు బయట ఉంచి, పిక్కను చేత్తో పిండండి. పాదం కిందికి కదలాలి. కదలకపోతే తాడు తెగినట్టే, ఆ రోజే ఎముకల డాక్టరును కలవాలి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఈ తాడును బలహీనపరుస్తాయి. 60 దాటినవాళ్లలో, స్టెరాయిడ్ బిళ్లలు వాడేవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే మందుల్లో అవీ ఉన్నాయన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

ఇక సిర సంగతి. ఒక్క కాలే వాచి, పిక్క వెచ్చగా, నొక్కితే నొప్పిగా ఉంటే, అందులోనూ ఈ మధ్య పిండికట్టు, ఆపరేషను, కాన్పు, రోజుల తరబడి మంచం మీద ఉండటం లాంటిది ఏదైనా జరిగి ఉంటే తోమకండి. మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక బుడిపె నుంచి పది సెంటీమీటర్లు దిగి, రెండు పిక్కల చుట్టుకొలతా టేపుతో కొలవండి. మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే అదే రోజు సిరలో రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కాన్ చేయించాలి.

ముందు ఇరుక్కుంటే

చీలమండ అరుగుదలకూ మోకాలి అరుగుదలకూ పోలిక తక్కువ. మోకాలు వయసుతో, బరువుతో అరుగుతుంది. చీలమండ అరుగుదల ఎక్కువగా పాత దెబ్బ ఫలితం. పదేళ్ల కిందట బండి మీద నుంచి పడి, ‘ఎముకకేం కాలేదులే’ అనుకున్న కాలే ఇప్పుడు మొండికేస్తుంది. చీలమండలో రెండు కాలి ఎముకల మధ్య గాడిలో పాదం ఎముక ఒకటి చెక్క బిగించినట్టు కూర్చుని ఉంటుంది. ఆ ఎముక ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే కీలు ఉపరితలాలు ఆనుకునే మేర సగటున 42 శాతం తగ్గిపోతుందని 1976లోనే కొలిచి చూపించారు. తొడ ఎముకో, చెయ్యో కొద్దిగా వంకరగా అతికినా బతుకు వెళ్లిపోతుంది, చీలమండలో మిల్లీమీటరు కూడా లెక్కే.

అందుకే నాటు కట్టు గురించి నా మాట కొందరికి రుచించదు. కడప, అనంతపురం వైపు నుంచి పుత్తూరు దారి పట్టడం తరాల అలవాటు. చదువుకున్నవాళ్లూ పోతారు. పోయే ముందు ఒక్క ఎక్స్‌రే తీయించండి, అదీ మూడు కోణాల్లో. చీలమండ విరుపుల్లో కీలు లోపలి దాకా చీలినవి చాలా ఉంటాయి. వాటిని చేత్తో తడిమి సరిచేయడం ఎవరి వల్లా కాదు, ఎంత అనుభవమున్న చెయ్యి అయినా సరే. దెబ్బ తగిలిన వెంటనే, ఆసుపత్రికి వచ్చాక కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా, లోపలి లేదా బయటి చీలమండ ఎముక వెనక అంచును కింది నుంచి ఆరు సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తప్పదు. చిటికెన వేలి వైపు పాదం మధ్యలో పొడుచుకు వచ్చిన ఎముకను, లోపలి వైపు అరికాలి వంపు పైనున్న ఎముకను కూడా నొక్కి చూడాలి. ఈ నియమం ప్రపంచమంతా క్యాజువాలిటీల్లో వాడేదే.

పిండికట్టు వేయించుకున్నా చీలమండ బిగుస్తుంది. ఆరు వారాలు కదలని కీలు చుట్టూ ఉన్న పొర గట్టిపడుతుంది. కట్టు వేసేటప్పుడు పాదం లంబంగా ఉందా, వేళ్లు కిందికి వాలి ఉన్నాయా అని చూడండి. వాలిన స్థితిలో కట్టు ఆరితే, విప్పేనాటికి మడమ తాడు కురచై కూర్చుంటుంది. వాలుగానే ఉంచాల్సిన కొన్ని గాయాలున్నాయి, మడమ తాడు తెగినప్పుడు అలాగే వేస్తారు. అడిగితే డాక్టరు కారణం చెబుతారు. కట్టు విప్పాక మొదటి పని పాదాన్ని అన్ని వైపులా తిప్పడం. కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయమని ఫిజియోథెరపిస్టులు చెబుతుంటారు. ఇంగ్లిషు గీతల కన్నా మన అఆలు దీనికి మేలు. గుండ్రంగా తిరిగే అక్షరాలు కాబట్టి కీలు అన్ని మూలలకూ పోయి వస్తుంది. రోజుకు మూడుసార్లు, అ నుంచి ఱ దాకా.

కట్టు విప్పిన కాలు మంటలు మండుతూ, రంగు మారుతూ, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పెడుతుంటే అది మామూలు బిగుతు కాదు. దీన్ని సీఆర్‌పీఎస్ అంటారు. అలాంటి కాలిని బలవంతంగా వంచినా, కదలనివ్వకుండా దాచుకున్నా రెండూ చెరుపే. తొందరగా గుర్తిస్తే లొంగుతుంది.

కీలు ముందు అంచున ఎముక ముళ్లు మొలిచి అడ్డుపడుతుంటే పిక్క సాగదీసే వ్యాయామాలు మేలు చేయవు, నొప్పి పెంచుతాయి. గోడ పరీక్షలో ముందు వైపు ఇరుకు అనిపించినవాళ్లు ఎక్స్‌రేకు ముందే సాగదీతలు మొదలుపెట్టవద్దనేది ఇందుకే. ఆ ఎక్స్‌రే కూడా బల్ల మీద పడుకోబెట్టి కాదు, నిలబెట్టి తీయించాలి. బరువు పడనప్పుడు కీలు సందు బాగానే కనిపించి మోసం చేస్తుంది.

బొటనవేలి మొదటి కీలు బిగిసినా మొత్తం నడక మారిపోతుంది. అడుగు నెట్టేటప్పుడు అది బాగా పైకి వంగాలి, వంగకపోతే మనిషి పాదం బయటి అంచు మీద నడుస్తాడు. దీనికి మెత్తటి రబ్బరు స్లిప్పర్లు కొనిపెడతారు. కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకమైనది, వంగని గట్టి అడుగున్న చెప్పు.

పదేళ్లు దాటిన పిల్లలు మాటిమాటికీ కాలు బెణికించుకుంటూ, పాదం చప్పిడిగా ఉంటే మునివేళ్ల మీద నిలబెట్టి వెనక నుంచి చూడండి. అరికాలి వంపు లేచి, మడమ లోపలికి తిరిగితే భయం లేదు. లేవకుండా అలాగే ఉండిపోతే పాదంలో రెండు ఎముకలు పుట్టుకతోనే అతుక్కుని ఉండొచ్చు. ఆ అతుకు ఈ వయసులో గట్టిపడుతుంది కాబట్టి అప్పటిదాకా బయటపడదు.

షుగరున్న కాలు

నమస్కారం పెట్టండి. అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనుకున్నాయా? వేళ్ల మధ్య సందు మిగిలిపోతే, అందులోనూ చిటికెన వేలి వైపు, అది ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లలో కనిపించే గుర్తు. రక్తంలో ఎక్కువైన చక్కెర కీళ్ల చుట్టూ ఉండే కొల్లాజెన్ పోగులకు అంటుకుని వాటిని బిరుసుగా మారుస్తుంది. చేతుల్లో కనబడే ఈ బిరుసే చీలమండలో, మడమ తాడులో కూడా జరుగుతుంటుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పాదం పైకి రానప్పుడు ప్రతి అడుగులోనూ బరువు అరికాలి ముందు భాగం మీద ఎక్కువసేపు పడుతుంది. అక్కడ ముందు కాయ కడుతుంది, కాయ కింద పుండు పడుతుంది, స్పర్శ లేదు గనక పుండు సంగతి చెప్పు మీద మరక చూసేదాకా తెలియదు. పుండుకు రోజూ కట్టు మారుస్తూ చీలమండ బిగుతును వదిలేస్తే అది మానడం కష్టం. మానినా తిరిగి లేస్తుంది.

దీనికన్నా ప్రమాదమైనది షార్కో పాదం. షుగరు వల్ల స్పర్శ పోయిన పాదం ఒక్కసారిగా వాచి, ఎర్రబడి, వేడెక్కుతుంది. నొప్పి ఉండదు, లేదా వాపుతో పోలిస్తే చాలా తక్కువ. లోపల ఎముకలు మెత్తబడి, విరుగుతూ, జారుతూ ఉంటాయి. మొదటి వారాల ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ‘ఇన్ఫెక్షన్’ అని యాంటీబయాటిక్, ‘యూరిక్ యాసిడ్’ అని బిళ్లలు రాయించుకుని అదే కాలి మీద నడుస్తూ ఉంటారు. రెండు పాదాలకూ చర్మం వేడి కొలిస్తే రెండు డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువ తేడా ఉండటం దీనికి బలమైన ఆనవాలు. పడుకుని కాలు ఎత్తి పెట్టిన పది నిమిషాలకు ఎరుపు తగ్గిపోతే షార్కో వైపు, తగ్గకపోతే ఇన్ఫెక్షన్ వైపు అనుమానం మొగ్గుతుంది. అయితే ఆ రెండూ కలిసి ఉండటమూ జరుగుతుంది కనుక ఇంట్లో తేల్చేసుకునే వ్యవహారం కాదు. మందు కన్నా ముందు కావలసింది ఆ కాలి మీద బరువు పడనివ్వకపోవడం. పాదం ఆకారానికి అతికినట్టు వేసే ప్రత్యేక కట్టుతో కొన్ని నెలలు. ‘నొప్పి లేదు కదా’ అని నడిచినవాళ్ల పాదం పడవ అడుగులా మారి, ఆ తర్వాత ఏ చెప్పూ పట్టదు.

మన నీళ్లు, మన ముళ్లు

అనంతపురం, కర్నూలు, కడప బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వర్ణించింది కూడా 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిదనీ, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చనీ మన ప్రమాణం. ఏళ్ల తరబడి అంతకు మించి తాగితే ఎముకలకు కట్టుకునే బంధనాలే సున్నమై గట్టిపడతాయి. మొదట వెన్ను, నడుము, తర్వాత మిగతా కీళ్లు. కాబట్టి చీలమండ ఒక్కటే బిగిస్తే ఫ్లోరైడ్‌ను నిందించడం తొందరపాటు. మెడ తిరగక, నడుము వంగక, వాటితోపాటు మడమల్లో ముళ్లు మొలిచి కీళ్లన్నీ మొరాయిస్తుంటే మాత్రం బోరు నీళ్లు పరీక్ష చేయించాలి. కాచిన నీళ్లు తాగితే పోతుందనేది అపోహ. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది, ఇంకా చిక్కబడుతుంది.

ముల్లు గురించి పుస్తకాల్లో తక్కువ, చేలల్లో ఎక్కువ. సర్కారు తుమ్మ ముల్లు చీలమండ దగ్గర దిగి, పైకి కనిపించేది లాగేశాక మొన విరిగి లోపల ఉండిపోతుంది. వారాలో నెలలో గడిచాక ఆ ఒక్క కీలే వాచి బిగుస్తుంది. ఎక్స్‌రేలో ముల్లు కనబడదు, అది చెక్కలాంటిది. అల్ట్రాసౌండ్‌లో కనబడుతుంది. అందుకే ఒకే కీలు తగ్గకుండా వాచి ఉన్నప్పుడు ‘ఎప్పుడైనా ముల్లు గుచ్చుకుందా’ అన్న ప్రశ్నకు జవాబు గుర్తు చేసుకుని చెప్పాలి. అదే తీరులో ఒక్క చీలమండే నెలల తరబడి వాచి, పిక్క సన్నబడి, సాయంత్రాలు జ్వరం కాస్తూ ఉంటే క్షయను వెతకాలి. క్షయ ఊపిరితిత్తులకే వస్తుందన్న నమ్మకం వల్ల కీలు తినేసేదాకా ఆ అనుమానం రాదు.

2006లో చికన్‌గున్యా రాయలసీమను ఊళ్లకు ఊళ్లు మంచాన పడేసింది. ఆ వైరస్‌కు చీలమండలంటే ఇష్టం. జ్వరం వారంలో పోయినా కీళ్ల బిగుతు నెలలు, కొందరికి ఏళ్లు ఉంటుంది. మూడు నెలలు దాటినా రెండు వైపులా కీళ్లు వాస్తూ, పొద్దున గంటసేపు బిగుసుకుని ఉంటే ‘చికన్‌గున్యా మిగులు’ అని సర్దుకోకుండా కీళ్లవాతం పరీక్షలు చేయించాలి. యూరిక్ యాసిడ్ విషయంలో రెండు మాటలే. అది ఎక్కువున్న చాలామందికి గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు, ఎప్పటికీ రాదు, అలాగే గౌట్ దాడి జోరుగా ఉన్న రోజున పరీక్షలో అది మామూలుగా కనిపించవచ్చు. జ్వరంతోపాటు ఒకే కీలు వేడెక్కి, అంగుళం కూడా కదపనివ్వకపోతే అది చీము పట్టిన కీలు కావచ్చు. దానికి గంటల లెక్క.

అసలు నరం

ఇప్పటిదాకా చెప్పినవి ఎక్కువగా ఎవరు నెట్టినా రాని కాళ్లు. నెడితే వచ్చి, మీరు లాగితే రాని పాదం వేరు. నడిచేటప్పుడు అది చప్పుమని నేలను కొడుతుంది, చెప్పు జారిపోతుంది, గడప తగులుతుంది. అక్కడే నరం అన్న మాట సరిపోతుంది.

మోకాలి బయటి వైపు, కొద్దిగా కింద, వేలికి ఒక ఎముక గుండు తగులుతుంది. దాని కిందుగా పాదాన్ని పైకి లేపే నాడి చర్మానికి ఆనుకుని చుట్టు తిరిగి పోతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే అది నలుగుతుంది. బుడ్డలు (వేరుశనగ కాయలు) తెంపేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, బేతంచెర్ల వైపు బండలు చెక్కేవాళ్లు రోజంతా అలాగే ఉంటారు. ఈ మధ్య బాగా చిక్కిపోయినవాళ్లకు అక్కడ కొవ్వు మెత్త తగ్గి ముప్పు ఇంకా పెరుగుతుంది. మోకాలి దాకా వేసిన బిగుతు కట్టు కూడా అక్కడే నొక్కుతుంది. గంటకోసారైనా లేచి నాలుగు అడుగులు వేయడం, చిన్న పీట వేసుకోవడం తప్ప దీనికి మించిన నివారణ లేదు. నొక్కుడు వల్ల పోయిన బలం చాలావరకు కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో తిరిగి వస్తుంది.

ఇదే పాదం నడుములో డిస్కు జారినా వేలాడుతుంది. తేడా పట్టడానికి పాదాన్ని లోపలికి, అంటే అరికాలు రెండో కాలిని చూసేట్టు తిప్పమనండి. ఆ కదలిక బలంగా ఉంటే దెబ్బ మోకాలి దగ్గర. అది కూడా నీరసించి, నడుము నుంచి నొప్పి పాకుతుంటే వెన్నులో వెతకాలి. మూత్రం ఆగిపోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం తోడైతే ఆ రాత్రే ఎంఆర్ఐ ఉన్న ఆసుపత్రికి పోవాలి. నోరు వంకరపోయి, చెయ్యి కూడా పడిపోతే అది కాలి జబ్బు కానే కాదు, పక్షవాతం.

పిరుదుకు సూది వేసిన క్షణంలోనే కాలి దాకా కరెంటు కొట్టినట్టయి పాదం వేలాడిపోవడం మన దగ్గర ఇంకా జరుగుతోంది. సూది పిరుదు పైభాగం, బయటి మూలలోనే వేయాలి. మధ్యలో పడితే కింద ఉన్నది కాలి మొత్తానికి పోయే పెద్ద నాడి. అసలు జ్వరానికీ ఒళ్లునొప్పులకూ సూది అడిగి వేయించుకునే అలవాటు మీదే నా ఫిర్యాదు. బిళ్లతో పోయేదానికి ఆ ముప్పు ఎందుకు? మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో బీ12 తగ్గడం నిజమే, వాళ్లకు ఆ సూది అక్కరకొస్తుంది. పరీక్షలో తగ్గిందని తేలినప్పుడు వేయించుకోండి.

నాడి పనితీరు పరీక్షకు మరుసటి రోజే పరుగెత్తినా లాభం లేదు. నాడిలో మార్పులు పరీక్షకు పూర్తిగా చిక్కడానికి రెండు మూడు వారాలు పడుతుంది. తెగి మళ్లీ పెరిగే నాడి రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పాకుతుంది. మోకాలి నుంచి కండరం దాకా ఎన్ని నెలలో మీరే లెక్క వేసుకోవచ్చు.

ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉండి పాదం వేలాడితే కుష్ఠు కావచ్చు. మోకాలి పక్క నాడి తాడులా లావెక్కి చేతికి తగులుతుంది. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో. నాడి దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే స్టెరాయిడ్ వైద్యం మొదలైతే బలం తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. పేరు బయటపడుతుందన్న భయంతో ఆగేవాళ్లు పోగొట్టుకునేది ఆ ఆరు నెలలనే.

నాడి కోలుకునే లోపు పాదాన్ని ఎలా ఉంచుతారన్నది నా దృష్టిలో మందుల కన్నా పెద్ద ప్రశ్న. వేలాడుతూ వదిలేసిన పాదం వెనక మడమ తాడు రోజురోజుకూ కురచబడుతుంది. కదపలేని కాలు అలా నెలల్లో కదలని కాలవుతుంది. నాడి తిరిగొచ్చినా అప్పుడు లాగడానికి కీలు ఒప్పుకోదు. అందుకే మొదటి వారంలోనే ప్లాస్టిక్ స్ప్లింట్ వేయించాలి. పాదాన్ని లంబంగా పట్టి ఉంచుతుంది, పిక్క వెనక నుంచి అరికాలి కింది దాకా వస్తుంది. కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రుల్లోనూ కడప రిమ్స్‌లోనూ ఫిజియోథెరపీ విభాగంలో అడిగితే ఎక్కడ చేయిస్తారో చెబుతారు. దాని మీద వేసుకోవడానికి బూటు ఒక సైజు పెద్దది తీసుకోవాలి. మొదటి రోజుల్లో గంటకోసారి విప్పి చర్మం చూసుకోవాలి. విప్పిన ఇరవై నిమిషాలకు కూడా పోని ఎర్రమచ్చ ఉంటే అక్కడ ఒత్తుతున్నట్టు, సరిచేయించాలి. రోజుకు రెండుసార్లు ఇంకొకరు చేత్తో పాదాన్ని పైకి నెట్టి అర నిమిషం చొప్పున పట్టుకోవడం మానకూడదు. ఏడాది దాటినా నాడి రాకపోతే, లోపలి వైపు పాదాన్ని తిప్పే బలమైన కండరం స్నాయువును ముందుకు తెచ్చి కుట్టి పాదాన్ని లేపే ఆపరేషను ఉంది. కుష్ఠు రోగులకు దశాబ్దాలుగా చేస్తున్నదే. ఆ ఆపరేషను బల్ల ఎక్కించే ముందు సర్జను చూసే మొదటి సంగతి, చేత్తో నెడితే ఆ చీలమండ ఇంకా పైకి వస్తుందా లేదా అని.